మెచ్చుకోవడం మానేశాను

యాప్రాల్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు కుసుమ రెండు చేతులా దణ్ణం పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, నీ మరిది, పాప బాగానే ఉన్నాం. ఈ ముక్క ముందే రాసేస్తే తర్వాత నేనేం రాసినా నువ్వు కంగారుపడవని రాస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు మాత్రలు వేళకి వేసుకుంటున్నారా, లేక డబ్బా చూసి తృప్తి పడుతున్నారా? మీ అత్తగారికి కంటి ఆపరేషన్ అయ్యాక చూపు కుదురుకుందా? ఇప్పుడిక కూరలో ఉప్పుతో పాటు నువ్వు తరిగిన ముక్కల సైజు కూడా కనిపిస్తుంది కాబట్టి కాస్త జాగ్రత్తగా ఉండు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటే అంటావు. నీ ఫోన్ సంగతి నాకు తెలుసు. నేను "అక్కా" అనగానే స్పీకర్ నొక్కి గట్టు మీద పెట్టి వంకాయలు తరుగుతావు. నా కష్టాలు నువ్వు సగం వింటావు, మీ అత్తగారు పూర్తిగా వింటారు. పక్కింటి వాళ్ళకి మిగతాది చేరుతుంది. ఇది అలా వినిపించే సంగతి కాదు. అందుకని పాప, నీ మరిది భోంచేసి నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ చలి ముదిరింది. మన రామచంద్రపురంలో దుప్పటి ముసుగేసుకుని ఫాన్ తిప్పుకునే చలి కాదు. పొద్దున్నే క్యాబ్ ఎక్కితే తూంకుంట దాటేదాకా అద్దాలు తుడుచుకుంటూనే ఉండాలి. శామీర్‌పేట చెరువు దగ్గర నీళ్ళు కనిపించవు, తెల్లగా పొగ కనిపిస్తుంది. నా చేతులు పగిలిపోయాయి. మా పనిలో చేతులు పగలకూడదు కాబట్టి కొబ్బరినూనె రాసుకుని తిరుగుతున్నాను. తిండికి లోటు లేదు. క్యాంటీన్లో జొన్నరొట్టె బాగుంటుంది, కూరలో కారం మాత్రం మన ఇంట్లో రెండు రోజులకి వాడేంత వేస్తారు. పాపకి ఈ ఊరు పూర్తిగా వంటబట్టింది. నిన్న స్కూల్ బస్సు దగ్గర నన్ను చూసి "మమ్మీ, జల్దీ రా, ఏంది గట్ల నిలబడ్డవ్" అంది. నీ మరిది పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ మధ్య నేను నవ్వింది అదొక్కసారేనేమో.

ఇక అసలు సంగతికి వస్తాను. చాలా రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, పెట్టుకున్న కొద్దీ పుల్లబడుతోంది.

నీ మరిదికి సికింద్రాబాద్ బదిలీ అయ్యాక నేను తుర్కపల్లిలో టీకా మందులు తయారుచేసే కంపెనీలో చేరానని నీకు తెలుసు. కాకినాడలో అన్నేళ్ళు చేసిన పనే కదా, చేరగానే కుర్చీ వేసి కూర్చోబెడతారనుకున్నాను. ఇక్కడి పద్ధతి వేరు. మేము మందుని సీసాల్లో నింపే గదిలో క్రిమి అనేది ఉండకూడదు. లోపలికి వెళ్ళాలంటే తల నుంచి కాలి దాకా తెల్ల తొడుగు వేసుకోవాలి. బయటికి కనిపించేవి కళ్ళు మాత్రమే. మాట్లాడితే నోటి తుంపరలు పడతాయని లోపల మాటలు కూడా ఉండవు. ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా కొత్తగా చేరితే కొన్ని నెలలు ఒక సీనియర్ పక్కన కూర్చుని, వాళ్ళ కళ్ళ ముందు పని చేయాలి. ఈమె ఒంటరిగా చేయగలదని ఆ సీనియర్ సంతకం పెట్టాకే మనల్ని నమ్ముతారు.

నాకు పడిన సీనియర్ పేరు స్వరూప. శామీర్‌పేట దాటాక లోపలికి ఉన్న ఒక పల్లె ఆమెది. కంపెనీ గోడలు లేస్తున్నప్పటి నుంచి ఉన్న మనిషి. వాళ్ళ పొలం చుట్టూ ఇప్పుడు ప్లాట్ల బోర్డులే, మిగిలిన కాస్త నేలలో ఆకుకూరలు వేస్తారు. ఆవిడ మొదటి రోజే నన్ను పట్టుకుని "నువ్వు గా కాకినాడ నుంచి వచ్చినదానివేనా?" అంది. నాకు ఒళ్ళు మండింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, దానికే "నువ్వు" అనేయడమా? మన వైపు కూరగాయల బండివాడు కూడా "ఏవండీ" అంటాడు కదా. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి ఏడ్చాను, గుర్తుందా? నువ్వు వంకాయలు తరుగుతున్నావు.

లోపల స్వరూప మాట్లాడదు. స్టీలు స్టూలు మీద నా వైపు తిరిగి కూర్చుని నా చేతుల్నే చూస్తుంది. తప్పు చేస్తే కాలితో స్టూలు కోడుని టక్కుమని కొడుతుంది. అంతే, నేను చేస్తున్నది పారేసి మళ్ళీ మొదలెట్టాలి. బయటికి వచ్చి తొడుగులు విప్పాక అప్పుడు పడుతుంది నాకు.

"ఏందా చెయ్యి? అన్నం కలుపుతున్నవా? జెర నిమ్మళంగ చెయ్యరాదు?"

"ఇన్నేళ్ళూ ఇలాగే చేశానండీ" అని ఒకసారి అన్నాను.

"ఇన్నేండ్లు నీ అదృష్టం మంచిగున్నది" అంది.

చెప్పొద్దూ, మొదట్లో ఆమె మొహం చూస్తేనే నాకు గిట్టేది కాదు. కానీ అక్కా, ఆమె మాటలో ముల్లుందేమో కానీ మనసులో లేదు. ఇవాళ తిట్టింది రేపటికి మోసుకురాదు. పై అధికారి ముందు నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరోజు నేను చెయ్యి జారి ఒక గాజు సీసా పగలగొడితే "నా దగ్గర నేర్చుకుంటాంది, నాదే బాధ్యత" అని అందరి ముందూ తన మీద వేసుకుంది. తర్వాత బయట నన్ను ఉతికి ఆరేసిందనుకో, అది వేరే సంగతి. ఈ మనిషి తిట్టినన్నాళ్ళూ నాకు భయం లేదని నాకు నెమ్మదిగా అర్థమైంది.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కాగితాల్లో ఎక్కడా లేదు, స్వరూప పెట్టింది. కొత్తవాళ్ళ చెయ్యి కుదిరిందని తనకు అనిపించిన రోజు ఆమె ఏమీ అనదు. స్టూలుని అటు తిప్పి గోడ వైపు మొహం పెట్టి కూర్చుంటుంది. మన పని మనకి వదిలేస్తుంది. కొద్ది రోజుల తర్వాత సంతకం ఎలాగూ వస్తుంది. కానీ మా సెక్షన్లో ఎవరూ సంతకం గురించి అడగరు. "స్టూలు తిప్పిందా?" అనే అడుగుతారు. ఎందుకలా చేస్తావని నేను అడిగితే చెప్పింది.

"నేను సూస్తుంటె నా కోసం మంచిగ జేస్తవ్. సూడకుంటె ఎట్ల జేస్తవో గదే నీ అసలు చెయ్యి."

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి, లేకపోతే నువ్వు కూడా తప్పుగా అనుకుంటావు. ఆమె స్టూలు తిప్పేది నిజం మందు మీద కాదు. నేర్చుకోవడానికి పెట్టే ఉత్తుత్తి ద్రావణం మీద. అందులో మన చేతి మురికి ఏ కాస్త పడినా కొద్ది రోజులకి మబ్బుపట్టినట్టు అయిపోతుంది, అప్పుడు మన బండారం బయటపడుతుంది. దాంతో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. అయినా రూలు రూలే. సంతకం పెట్టేదాకా సీనియర్ కన్ను కొత్తవాళ్ళ చేతుల మీద నుంచి కదలకూడదని రూలు.

దసరా తర్వాత ఒకరోజు స్వరూప స్టూలు తిప్పింది.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళద్దాలు మసకబారి, పని ఆపి నిలబడాల్సి వచ్చింది. డిగ్రీ వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు. ఆ రోజు చేసినవన్నీ తర్వాత తేటగా, నీళ్ళలా నిలిచాయి. ఒక్కటి కూడా మబ్బుపట్టలేదు. స్వరూప వాటిని వెలుగుకి పెట్టి చూసి "ఊఁ" అంది. ఆమె నోట ఆ "ఊఁ" రావడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు.

ఇప్పుడు మూర్తిగారి గురించి చెప్పాలి. మా పై అధికారి. ఉండేది యాప్రాల్లోనే, మా పక్క కాలనీ. సొంత ఊరు మనకి దగ్గరే, రాజమండ్రి వైపు. పొద్దున, సాయంత్రం ఒకే క్యాబ్‌లో వెళ్ళి వస్తాం. ఆయన ముందు సీట్లో, నేను వెనక. చేరిన కొత్తలో నాకు ఈ ఊళ్ళో ప్రాణం లేచి వచ్చింది ఆయన మాట వింటేనే. "కుసుమగారూ, టిఫిన్ చేశారాండీ? పాపకి జలుబు తగ్గిందాండీ? ఏంటోనండీ, మన వైపు వాళ్ళం నలుగురం ఉంటే ఆ ధైర్యమే వేరండీ." ఎంత మర్యాద! పండక్కి ఊరెళ్ళి వస్తే పూతరేకులు తెచ్చి ఇచ్చేవాడు. స్వరూప "నువ్వు" అన్న రోజున ఆయన "గారు" అంటుంటే నాకు మందు రాసినట్టుండేది.

స్టూలు తిప్పిన రోజు సాయంత్రం క్యాబ్‌లో నా నోరు ఆగలేదు. ఎవరికైనా చెప్పాలి కదా అక్కా! నీకు చెబుదామంటే ఫోన్ ఎత్తలేదు. మూర్తిగారికి చెప్పాను. స్వరూప ఎంత గొప్పదో, ఎంత బాగా నేర్పిందో, ఇవాళ నన్ను నమ్మి స్టూలు తిప్పేసిందని, ఆమె కంటే మంచి సీనియర్ మన కంపెనీలో లేదని చెప్పాను. ఒక్క చెడ్డ మాట అనలేదు. ఒట్టు.

ఆయన పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని విన్నాడు.

"అవునాండీ! అంత నమ్మకమా! చాలా సంతోషమండీ. పూర్తిగా అటు తిరిగిపోయిందాండీ? పని అయ్యేదాకా తిరగలేదాండీ? అందరికీ ఇలాగే చేస్తుందాండీ?"

నేను అన్నిటికీ అవునన్నాను. నా సంతోషంలో ఆయన పాలు పంచుకుంటున్నాడని మురిసిపోయాను. నాకంటే తెలివితక్కువది ఇంకెవరైనా ఉంటారా?

మా సెక్షన్ ఇన్‌ఛార్జి పోస్టు అప్పుడు ఖాళీగా ఉంది. వరసలో స్వరూపే ముందుంది. ఆ మాట అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మూర్తిగారు తన పాత కంపెనీలో పనిచేసిన ఒకతన్ని తేవాలనుకుంటున్నాడని మాత్రం నాకు తెలియదు. తెలిసినవాళ్ళు నాకు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? నేను ఆయన వెనక సీటులో కూర్చుని నవ్వుతూ వచ్చే మనిషిని.

ఆ తర్వాత వారంలోనే విచారణ అన్నారు. స్వరూప రూలు తప్పి, సంతకం కాని మనిషిని చూడకుండా వదిలేసిందని అభియోగం. లోపలి కెమెరా బల్ల వైపు, చేతుల వైపు ఉంటుంది, స్టూలు వైపు ఉండదు. అందుకని నన్ను పిలిచారు. గదిలోకి వెళ్ళబోయే ముందు చేతులు కడుక్కునే చోట స్వరూప కనిపించింది. "నేను లేదని చెప్పేస్తాను. నువ్వు తిప్పలేదని చెప్పేస్తాను" అన్నాను. ఎప్పుడు "నువ్వు" అనడం మొదలుపెట్టానో నాకే గుర్తు లేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"ఉన్నది ఉన్నట్టు జెప్పు. నా కోసం అబద్దమాడకు. ఆడినవంటె నిన్ను నమ్మి నేను జేసింది ఉత్తదే అయితది."

లోపల ముగ్గురు కూర్చున్నారు. ఆఫీసు నుంచి ఒకావిడ, వేరే విభాగం నుంచి ఒక పెద్దాయన, మూర్తిగారు. ఆయన నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వి, మంచినీళ్ళు పోసి ఇచ్చాడు.

"కుసుమగారే నాకు ఈ విషయం చెప్పారండీ. ఆవిడ చాలా నిజాయితీపరురాలు. ఎంతో సంతోషంగా చెప్పారు" అన్నాడు వాళ్ళతో.

ఆ ఆఫీసు ఆవిడ అడిగింది. "మీరు పని చేస్తున్నప్పుడు స్వరూప అటు తిరిగి కూర్చున్నారా?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. అది నిజం మందు కాదని, అప్పటికే నెలల తరబడి కన్ను తిప్పకుండా చూసిందని, ఆ తర్వాత కూడా ఫలితాలన్నీ తేటగా వచ్చాయని. ఆవిడ చెయ్యి ఎత్తింది.

"అవన్నీ మేం చూసుకుంటాం. అవునా, కాదా? అంత చెప్పండి చాలు."

అవునన్నాను. అంతే రాసుకున్నారు. నేను ఆమె గురించి చెప్పిన మంచి అంతా గాలిలో పోయింది, ఆ ఒక్క "అవును" కాగితం మీద మిగిలింది.

స్వరూపని మా గది నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. ఇప్పుడు అట్టపెట్టెలు దింపుతూ, ఎక్కిస్తూ ఉంటోంది. ఆ చేతులతో! ఇన్‌ఛార్జిగా మూర్తిగారి మనిషి వచ్చాడు. ఇంకో సంగతి విను, ఇక్కడే నాకు మండుతుంది. నా సంతకం సంగతి మూర్తిగారే చూసుకుని, స్వరూప సీటు నాకిచ్చారు. కొత్తవాళ్ళకి ఇకనుంచి నేను నేర్పాలట. "మీలాంటి నిజాయితీ ఉన్నవాళ్ళు కావాలండీ" అన్నాడు మూర్తిగారు. వద్దు అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇల్లు, పాప స్కూలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నీ మరిది కూడా "ఉద్యోగంలో ఇవన్నీ మామూలే, మనసులో పెట్టుకోకు" అన్నాడు. మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకోవాలో ఆయన చెప్పలేదు.

క్యాంటీన్లో నేను వెళ్ళి కూర్చుంటే బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయి. ఎవరూ లేచి వెళ్ళరు, పాపం, మర్యాదస్తులు. వాతావరణం గురించి మాట్లాడతారు. "సలి మస్తుంది గద మేడం" అంటారు. మస్తుంది అంటాను. తిని లేచి వస్తాను. కావాలని చెప్పానని సగం మంది అనుకుంటున్నారు. తెలివిలేక చెప్పానని మిగతా సగం. రెండో సగం చెప్పేదే నిజం, అయినా అదేం గౌరవంగా లేదు. క్యాబ్ డ్రైవర్ మల్లేష్ ఒక్కడే సూటిగా అన్నాడు, మూర్తిగారు సెలవు పెట్టిన రోజు.

"మేడం, మీరు మంచోళ్ళే. గని గా ముందు సీటాయన చెవులు ఎన్కకే ఉంటయ్. మీరు ఎక్కిన దినం నుంచి సూస్తున్న."

మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా అన్నాను. "మీరు ఆయన మనిషనుకున్న" అన్నాడు.

నవ్వుతావేమో, ఇదంతా అయ్యాక కంపెనీ వాళ్ళు మాకు నమ్మకం పెంచుతామని బయల్దేరారు. సెక్షన్లో వాతావరణం బాగాలేదట, ఒకరినొకరు అర్థం చేసుకోవాలట. శామీర్‌పేట చెరువు దగ్గర ఒక రిసార్టుకి తీసుకెళ్ళి, బిర్యానీ పెట్టి, ఒక కుర్రాడి చేతికి మైకు ఇచ్చారు. ఒకళ్ళు కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకున్నవాళ్ళు పట్టుకోవాలి. అదీ ఆట. నా వంతు వచ్చింది. వెనక ఎవరున్నారా అని చూస్తే మూర్తిగారు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. "పడిపోండి కుసుమగారూ, నేనున్నానండీ!" అన్నాడు. అందరూ చప్పట్లు. నాకు నడుం నొప్పి అని చెప్పి పక్కకొచ్చి, పెరుగన్నం పెట్టుకుని తిన్నాను. స్టోర్స్ వాళ్ళని ఆ విందుకి పిలవలేదు.

పోయిన ఆదివారం ఇక ఉండబట్టలేక నీ మరిది బండి మీద స్వరూప ఇంటికి వెళ్ళాను. ఆయన్ని ఊరి బయట టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి నడిచాను. వాకిట్లో స్వరూప, వాళ్ళమ్మ కొత్తిమీర కట్టలు కడుతున్నారు. పొద్దున్నే మార్కెట్‌కి వెయ్యాలట. నన్ను చూసి వాళ్ళమ్మ "రా బిడ్డా, కూసో" అని పీట వేసింది. స్వరూప లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చింది. పాప ఎట్లున్నదని అడిగింది. నా చేతులు పగిలాయని చూసి వాసలిన్ పెట్టుకొమ్మంది. ఒక్క పరుషమైన మాట లేదు. తిడుతుందేమో, తిడితే బాగుండునని కూర్చున్నాను.

ఊరికే కూర్చోలేక నేనూ ఒక గుప్పెడు కొత్తిమీర తీసుకుని కట్టడం మొదలుపెట్టాను. నాకేం తెలుసు? వేళ్ళు ఒకవైపు, ఆకులు ఇంకోవైపు, దారం వదులు. స్వరూప చూసింది. అన్నం కలుపుతున్నవా అంటుందని ఎదురుచూశాను అక్కా, నిజంగా ఎదురుచూశాను.

"మంచిగనే ఉన్నయ్" అంది.

అక్కడ నాకు ఏడుపొచ్చింది. "నా మీద కోపంగా ఉందా?" అని అడిగేశాను.

"కోపమేంది? నువ్వు నా గురించి మంచిదే జెప్పినవంట గద. ఎవ్వలన్న మంచి జెప్పిండ్రని కోపం జేస్తరా?"

"మరి?"

ఆమె చేతిలో కట్ట బుట్టలో వేసి, ఇంకో గుప్పెడు తీసుకుంది.

"మరేం లేదు. మునుపు నీతోని ఏదంటె గది అనేదాన్ని. ఇగ అనాలంటె, గిది ఏడికి పోతదో అని ఒకపారి ఆలోచన జెయ్యాల్సొస్తది. గంతే. నువ్వు పరేషాన్ గాకు."

నేను లేచి వస్తుంటే వాళ్ళమ్మ ఒక కట్ట కొత్తిమీర చేతిలో పెట్టింది. గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. నేను కట్టినవన్నీ స్వరూప విప్పి మళ్ళీ కడుతోంది. మునుపైతే నా చేతే విప్పించి, సరిగ్గా వచ్చేదాకా కట్టించేది. దారి పొడుగునా నీ మరిది ఏమైందని అడుగుతూనే ఉన్నాడు. ఏమీ కాలేదని చెప్పాను. నిజంగా ఏమీ కాలేదు కూడా. చాయ్ ఇచ్చింది, మర్యాద చేసింది, పంపించింది.

నా దగ్గరికి ఇప్పుడు కొత్తగా శైలజ అని ఒకావిడ వచ్చింది. పిల్లాడు పుట్టాక ఉద్యోగం మానేసి, మళ్ళీ ఇన్నాళ్ళకి చేరింది. ఎక్కేది తూంకుంటలో, మా క్యాబే. ఆమె చెయ్యి ఎంత నెమ్మదైనదో చెప్పలేను. నాకు నెలలు పట్టింది ఆమెకి వారాల్లో వచ్చేసింది. నేను ఏ రోజూ ఆ మాట ఆమెతో అనలేదు. రూలు ప్రకారం కన్ను ఆర్పకుండా చూస్తూ కూర్చుంటాను. మొన్న సాయంత్రం క్యాబ్‌లో శైలజ నా పక్కనే ఉంది. మూర్తిగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"కుసుమగారూ, ఎలా చేస్తోందండీ మన శైలజ? బాగా చేస్తోందాండీ?"

ఆమె నా వైపు చూస్తోంది. ఇంత చిన్న మొహం పెట్టుకుని, నేనేం అంటానా అని చూస్తోంది. స్వరూప "ఊఁ" కోసం నేను ఎలా చూసేదాన్నో అలాగే.

"ఇప్పుడే ఏం చెప్పలేమండీ" అన్నాను.

శైలజ మొహం తిప్పుకుని అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తూంకుంటలో దిగేటప్పుడు రోజూ "వస్తా మేడం" అంటుంది, ఆ రోజు అనలేదు. నీకోసమే అలా అన్నానమ్మా అని వెనక పరుగెత్తి చెప్పలేను కదా. చెప్పినా, చెప్పిన మాట ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. బాగా పనిచేసే మనిషిని బాగా చేస్తున్నావని అనలేని చోట ఇంత జీతానికి కూర్చున్నాను అక్కా. ఆ మూర్తిగారి మీద అసహ్యంగా ఉంది. ఆయన రోజూ పొద్దున్నే "టిఫిన్ చేశారాండీ?" అని అడుగుతూనే ఉన్నాడు, నేను "చేశానండీ" అంటూనే ఉన్నాను. నా మీద అంతకంటే అసహ్యంగా ఉంది.

సరే, ఏడ్చింది చాలు. నువ్వు దిగులు పడకు, మేం బాగానే ఉన్నాం. తేగలు వచ్చి ఉంటాయి కదా, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. కాల్చినవి వద్దు, దారిలో గట్టిపడిపోతున్నాయి. పచ్చివి పంపితే కుక్కర్లో ఉడకబెట్టుకుంటాం. పాప స్వెటర్ ఒకటి మీ ఇంట్లో ఉండిపోయింది, ఎర్రది, అది కూడా. నాన్న తిథికి నేను రాలేను, సెలవు అడగాలంటే ఆ మూర్తిగారినే అడగాలి. నా పేరు చెప్పి నువ్వే ఒక దీపం పెట్టు. మీ అత్తగారికి, బావగారికి నా నమస్కారాలు. మీ చిన్నోడిని బాగా చదువుకోమను. నువ్వు మనసారా నన్నొకసారి దీవించు, నోటితో అనకపోయినా ఫరవాలేదు.

ఇందులో రాసింది బావగారికి కూడా చెప్పకు. చెప్పవని నాకు తెలుసు. తెలుసు అనే రాశాను కానీ, ఆ ముక్క రాసే ముందు కలం పట్టుకుని కాసేపు ఆలోచించానక్కా. నీ దగ్గర కూడా ఆలోచించాను.

నీ చెల్లెలు,
కుసుమ.